దానయ్య పాటలకు పక్కకుట్టు

మైదాపిండి ఉడికి చిక్కబడే వేళకు ఇన్నయ్య చిటికెడు మైలుతుత్తం వేసి పుల్లతో తిప్పాడు. నీలం రంగు ఒక్క చుట్టు తిరిగి పిండిలో కలిసిపోయింది. ఆ మాత్రం విషం ఉంటేనే పుస్తకాన్ని పురుగు ముట్టదు. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పొద్దు ఇలాగే మొదలవుతోంది. లైబ్రరీ వెనక వరండా, సత్తుగిన్నెలో జిగురు, పక్కన దబ్బనం, దారపుండ, పుస్తకాల మీద బరువుకి పెట్టే నాపరాయి పలక.

గురజాల నుంచి నడికుడి పోయే బస్సులు రాళ్ళవాగుపాలెంలో ఆగి ఆగనట్టు ఆగుతాయి. ఆ ఊరి లైబ్రరీలో ఇన్నయ్య ఉద్యోగి కాడు. పుస్తకానికి ఇంత అని బైండింగు కూలి. పొట్టి మనిషి, వంగిన వీపు. కుడి చూపుడువేలి మీద దారం కోసుకుపోయిన గాటు ఒకటి, ఎన్నేళ్ళయినా మానకుండా ఉంది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఆరిన పిండే. ఎనిమిదో తరగతితో చదువు ఆగినా పుస్తకాలు మాత్రం వేలల్లో చదివాడు, కాకపోతే ముక్కలుగా. కుట్టేటప్పుడు ప్రతి ఫారం, అంటే మడిచిన కాగితాల కట్ట, మధ్యన తెరుచుకునే రెండు పేజీలే ఆయనకు దక్కేవి. ముందేం జరిగిందో, తర్వాత ఏమయిందో ఇంటికి పోతూ దారిలో తనే కల్పించుకునేవాడు. భార్య ఉన్నన్నాళ్ళు ఆ కథలు ఆమెకు చెప్పేవాడు. ఆమె పోయి ఆరేళ్ళయింది.

ఈ ఉదయం ఎడమ భుజం లాగుతోంది. గ్యాసేలే అనుకుని మాత్ర వేసుకున్నాడు.

నెల కింద కంపెనీ వాళ్ళు దిగారు. పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తామన్నారు. మందపాటి నిగనిగలాడే అట్టమీద ‘మీ ఊరి పుస్తకం ఇక మీ అరచేతిలో’ అని అచ్చువేసి బల్లమీద నిలబెట్టారు. స్కానింగ్ మిషన్ విడికాగితాలనే మింగుతుంది కాబట్టి పుస్తకాల నడుము కోయాలి. ఆ పనికి ఇన్నయ్యనే పిలిచారు.

"అయిపోయాక అన్నీ మళ్ళీ మీ దగ్గరికే బైండింగుకొస్తాయి అంకుల్" అంది వర్షిణి. నరసరావుపేటలో డిగ్రీ చదివి, కంపెనీలో కాంట్రాక్టు మీద చేరిన పిల్ల.

ఆయన నమ్మాడు. ఎందుకు నమ్మకూడదు? పుస్తకం విప్పినవాడు మళ్ళీ కుట్టి ఇస్తాడని తప్ప ఆయనకు వేరే లోకం తెలియదు. తను కుట్టిన నాలుగు వందల పుస్తకాల నడుములు తనే కోశాడు. పేజీల వరస తప్పకుండా ఒక్కోదాన్నీ పురికొసతో కట్టి, పేరు రాసిన చీటీ దోపాడు. దారం కొన్నాడు, అట్టల మీద వేసే కాలికో గుడ్డ కొన్నాడు. ఇవాళ మొదలుపెడదామని జిగురు కాచాడు.

తొమ్మిదింటికి లారీ వచ్చి లైబ్రరీ ముందు ఆగింది.

"లారీ ఏంది సార్?" అనడిగాడు లోపలికొచ్చి.

లైబ్రేరియన్ త్రికోటేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇంకో రెండూళ్ళ లైబ్రరీలు కూడా ఆయన నెత్తినే ఉన్నాయి. "కోసినవి తీసుకుపోతారు ఇన్నయ్యా. పేపర్ మిల్లుకి."

"మిల్లుకా? బైండింగుకన్నారుగా!"

"కాగితంలో అట్లా లేదు. స్కాన్ చేసినవి పాడైపోయినట్టు రాసి తీసేయొచ్చని ఉంది. పైనుంచి వచ్చింది, సంతకం పెట్టమన్నారు. పెట్టా."

"పాడైపోయినయ్యి కాదు సార్. నేను కోసినయ్యి!"

త్రికోటేశ్వరరావు కళ్ళజోడు పెట్టుకుని రిజిస్టర్ ముందుకు లాక్కున్నాడు. ఈ ఊళ్ళో మట్టిమిద్దె ఉన్నవాడు కూడా ఇంటిపన్నుతో పాటు లైబ్రరీ పన్ను కట్టాడు. కట్టినట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు ఎవడబ్బ సొమ్మని మిల్లుకి తోలుతున్నారో అడగవలసిన కుర్చీలన్నీ సంతకాలు పెట్టి ఊరుకున్నాయి.

అప్పుడే మణెమ్మ వచ్చింది. మిరపకాయల తొడాలు తీసే పనికి పోతూ నెలకోసారైనా ఇటు తొంగిచూస్తుంది. ఆమెకు చదువు రాదు. కానీ ఈ లైబ్రరీలో ఆమె తండ్రి ఉన్నాడు. దానయ్య పొలం పనుల్లో కట్టి పాడిన పాటలను వెనకటి బళ్ళో పంతులొకాయన రాసుకుని, నరసరావుపేటలో అచ్చేయించాడు. అరవై నాలుగు పేజీలు, మొదటి పేజీలో తలపాగాతో దానయ్య ఫొటో. ఊళ్ళో మిగిలింది ఈ ఒక్క ప్రతే. ఇన్నయ్య చదివితే మణెమ్మ కళ్ళు మూసుకుని రాగం సరిచేసేది. "అట్టా కాదన్నా, అక్కడ లాగాల" అనేది.

"ఆదివారం చర్చిలో కోత పండగన్నా. మా మనవరాలు తాత పాట పాడతానంటంది. నాట్ల పాట తీసియ్యి, రాసుకుంటది" అంది.

ఇన్నయ్య తల వంచుకున్నాడు. ఆ పుస్తకాన్ని కూడా మొన్న శనివారం తనే కోశాడు.

సంగతి విని వర్షిణి తన ఫోన్ తెచ్చింది. "ఎక్కడికీ పోలేదమ్మా, ఇందులో భద్రంగా ఉంది, చూడండి." తెరమీద దానయ్య వచ్చాడు. ఆయన రొమ్ముకు అడ్డంగా కంపెనీ ముద్ర ఉంది. వేలితో తోస్తే పేజీ మసకబారింది. దాని మీద తాళం బొమ్మ, కింద ‘చందా కట్టి చదవండి’ అని.

"ఏందంట?" అంది మణెమ్మ.

"డబ్బులు కడితే తెరుచుకుంటది" అన్నాడు ఇన్నయ్య.

"మా నాయన పాట నాకు చూపియ్యటానికి డబ్బులా? ఎవరమ్మా మీకు రాసిచ్చింది? మా నాయన నడుముల్లోతు బురదలో నిలబడి కట్టాడు ఆ పాట. అప్పుడు మీ కంపెనీ యాడుంది?"

"లైబ్రరీ కంప్యూటర్లో ఏడాది ఫ్రీ అమ్మా. తర్వాత... అది పాలసీ" అంది వర్షిణి, నేల చూస్తూ.

"ఆ కంప్యూటర్ పని చేయక రెండేళ్ళు" అన్నాడు త్రికోటేశ్వరరావు, ఎవరితోనో అన్నట్టు.

ఇన్నయ్యకు ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆఫీసు బల్ల ముందు గొంతు పెంచని మనిషి. "తెలివిగా నాచేతే కోయించారు గదమ్మా! నా కత్తితో నా కుట్టే కోయించారు. నేను కూడా వెధవలా వరసపెట్టి, చీటీలు దోపి మరీ మిల్లుకి కట్టిచ్చా!"

లారీ దగ్గరికి నడిచి, కట్టలు ఒక్కొక్కటే పక్కకు తీసి, దానయ్య చీటీ ఉన్న కట్ట లాగాడు. "ఇది పోదు. రాసుకో, బైండింగు ఇన్నయ్య దొంగతనం చేశాడని రాసుకో."

వర్షిణి చేతిలో పెన్ను ఉంది కానీ రాయలేదు. ఫోన్ బోర్లా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మిగతా కట్టలన్నీ లారీ ఎక్కాయి.

"పాట ఒక్కటీ రాసుకునేదేంది, పుస్తకమే తీసుకుపో" అన్నాడు ఇన్నయ్య మణెమ్మతో. "సాయంత్రం పని దిగి రా. రాయి కింద ఉంటది. జిగురు ఆరిందాకా తియ్యమాక, వంకర పోద్ది."

పదకొండింటికి లైబ్రరీ మూశారు. మళ్ళీ తెరిచేది నాలుగింటికి. అన్నం డబ్బా మూత కూడా తీయకుండా ఇన్నయ్య పనిలో కూర్చున్నాడు. ఫారాలుగా ఉంటే మడతలో కుట్టవచ్చు. నడుము కోశాక మడత ఎక్కడిది? పక్కన బెజ్జాలు పొడిచి కుట్టాలి. పుస్తకం మునుపటిలా బార్లా తెరుచుకోదు, ప్రతి పేజీలో ఎడమవైపు అక్షరాలను కుట్టు కొరుకుతుంది. అందుకని అంచుకు వీలైనంత దగ్గరగా, దబ్బనాన్ని గింజంత ఎడంతో దించాడు. చెమట పేజీ మీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. ఈసారి ఆయనకు మధ్య పేజీలే కాదు, పుస్తకమంతా దక్కింది. ఒక్కో కాగితం సర్దుతూ మొదటి పాట నుంచి చివరి పాట దాకా చదివాడు. నాట్ల పాట దగ్గర ఆగి, మణెమ్మ లాగమన్న చోట లాగి చూశాడు.

నడుముకి వేసే గట్టి కాగితం కోసం ఎప్పుడూ పాత శుభలేఖలు వాడేవాడు. ఇవాళ ఒక్కటీ లేదు. లేచి, గడియ వేయని వెనక తలుపు తోసుకెళ్ళి బల్లమీది కంపెనీ అట్ట తెచ్చి, ‘అరచేతిలో’ అన్న ముక్క నిలువునా కోసి, అక్షరాలు లోపలికి తిప్పి అంటించాడు. పైన ఎర్ర కాలికో వేశాడు. రాయి ఎత్తి పెట్టేటప్పుడు ఊపిరి అందలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి త్రికోటేశ్వరరావు వచ్చి పిలిస్తే పలకలేదు. గడ్డం రొమ్ముకు ఆనింది, కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. అంబులెన్స్ వాళ్ళు చెయ్యి పట్టి చూసి, పోయి గంట దాటిందన్నారు. లారీ అప్పటికి జిల్లా దాటిపోయి ఉంటుంది.

మణెమ్మ మిరప ఘాటు అంటిన చేతులతో వచ్చింది. ఏడ్చింది. ఇన్నయ్యను తీసుకుపోయాక వరండాలో ఆమె, త్రికోటేశ్వరరావు మిగిలారు. పాడైపోయినట్టు రాసేసిన పుస్తకాన్ని ఏ రిజిస్టర్లో చూపించాలో ఆయనకు తెలియలేదు. "నీదేనమ్మా, తీసుకుపో" అని రాయి మీద చెయ్యి వేశాడు.

"వద్దు సార్. ఆరిందాకా తియ్యమాకన్నాడు అన్న" అని ఆమె అక్కడే కూలబడింది.

నాపరాయి కింద ఎర్ర కాలికో అంచు తడిగానే ఉంది, కత్తిరించకుండా వదిలేసిన దారం కొస ఒకటి బయటికి వేలాడుతోంది.