బాయిలర్ పేలిన మర్నాడు

"నీకు దెబ్బేటీ తగల్లేదు కదా, లెగిసి టీ ఎట్టు. నిన్ను సూడ్డానికి జనం వొత్తన్నారు" అన్నాడు మా ఆయన ఢిల్లేశ్వరరావు.

నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళకి నేనే టీ పెట్టాలి. నిజమే, దెబ్బలేం లేవు. ముందురోజు మధ్యాహ్నం, పలాసలో నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. ఆడవాళ్ళం వరసగా కూర్చుని పప్పు మీద పొట్టు తీస్తున్నాం. ఒక్కసారిగా చెవులు మూసుకుపోయాయి. పైకప్పు రేకులు మీద పడ్డాయి. నా పక్కన కూర్చునే చిన్నతల్లి కాలు రేకు కింద ఇరుక్కుంది. దుమ్ములో తడుముకుంటూ వెళ్ళి, చంకల కింద చేతులేసి దాన్ని బయటికి లాగాను. అంత బలం నాలో ఎక్కడుందో తెలీదు. కాలు విరిగింది గానీ బతికింది. రాత్రి దాని కూతురు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "అమ్మ మాట్లాడతంది పిన్నీ" అంది. అప్పటికి నేను స్నానం చేసి, అందరికీ అన్నం వండేశాను. వండకపోయినా పరవాలేదని ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పొద్దున వచ్చినవాళ్ళకి టీ ఇస్తూ, జరిగిందంతా మళ్ళీ మళ్ళీ చెప్పాను. "రేకులు మీద పడతంటే ఎవులు గుర్తొచ్చినారు హేమా?" అని అడిగింది ఎదురింటావిడ. పిండి రుబ్బలేదని గుర్తొచ్చింది. అది చెప్తే నవ్వుతారని, దేవుడని చెప్పాను.

వాళ్ళు వెళ్ళాక పప్పు పొయ్యి మీద పెట్టాను. కుక్కర్ కూత వేసింది. తర్వాత నాకు తెలిసేసరికి బియ్యం డబ్బా వెనక ముడుచుకుని ఉన్నాను, రెండు చేతులూ తల మీద. ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. "ఓలమ్మా, కుక్కర్‌కేనా!" చేతులు దించుదామంటే దిగటం లేదు.

మా అత్త పైడమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. స్టవ్ కట్టేసి, నా పక్కన కూలబడి, నా చేతులు మెల్లిగా కిందికి దించింది.

"తిత్లీ తుపాను తెల్లారి నానూ ఇలాగే వొణికిపోనాను. తోట పోనాదని మీ మావ ఏడుత్తంటే ఊరంతా ఆయన్నే ఓదార్సినారు. ఆలందరికీ నాను వండినాను. నన్నెవులూ కూకోమనలేదు." కొడుకు వైపు తిరిగింది. "ఒరే, అన్నానికి ఎసరెట్టు."

"నానా?"

"నువ్వే. దానికి మంచం వాల్సి రా ముందు."

కొబ్బరిచెట్ల నీడలో మంచం వాల్చాడు. అన్నం కొంచెం మాడింది, చారు పలచగా ఉంది. నాకే ముందు పెట్టారు. పొగలు కక్కే అన్నం తిని ఎన్నాళ్ళయిందో! కలుపుకుంటుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే కంచం ఖాళీ చేశాను. సముద్రం గాలికి కళ్ళు మూతలు పడ్డాయి.

ఎవరూ లేపలేదు. మెలకువ వచ్చేసరికి ఎండ చల్లబడింది. వంటింట్లోంచి అత్త గొంతు, గిన్నెలు తోముతున్న చప్పుడు. ఒళ్ళంతా హాయిగా, తేలిగ్గా ఉంది.

ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"రేపు లేత్తావు కదా?"

"రేపు సిన్నతల్లిని సూడ్డానికెల్తాను. ఎల్లుండి సంగతి ఎల్లుండి సూద్దాం" అని, అటు తిరిగి పడుకున్నాను.