పాత్రలో లేని పని

నేను ఒక సర్వర్ కంప్యూటర్‌ని. కొత్తరేవులో, చేపల బోట్లకు టోకెన్లిచ్చే ఆఫీసులో కిటికీ పక్కన ఉంటాను. ఆ ఉదయం నా ముందున్న బల్ల మీద ఎల్లయ్యమ్మ సంచి సర్దుతోంది. రెండు లుంగీలు, తువ్వాలు, చుట్టలు, బీపీ మాత్రలు. ఆమె ఇక్కడ ఆపరేటరు. సంచి ఆమె మొగుడు మాసేనుది. అతను బోటు నడుపుతాడు.

"మాత్తర్లు ఏసుకోకపోతే సముద్రంలోకి గెంటేత్తాను."

"సముద్రంలోకే కదే ఎల్తన్నాను!" అని నవ్వాడు మాసేను. "తుపానొత్తే కబురెట్టు. తిరిగొచ్చేత్తాను."

ఆ కబురు పెట్టేది నేనే. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఒక కాలేజీలో ఆరేళ్లు పిల్లల మార్కులు మోసి, పాతబడ్డాక ఈ రేవుకు వచ్చాను. కాగితం మీద నాకున్న పని ఒకటే: ఏ బోటు ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడు వచ్చిందో రాసుకోవడం. వెళ్ళిన వేళ రాయడమంటే నాకు మొదటి నుంచీ బెరుకే. వెనకటి ఇంజనీరొకాయన ఇంకో పని కూడా నేర్పాడు. తుఫాను హెచ్చరిక రాగానే ఎల్లయ్యమ్మ మీట నొక్కితే, సముద్రం మీదున్న బోట్లన్నిటికీ దాన్ని పంపుతాను. ఆయన నేర్పాడు గాని, ఎక్కడా రాసిపెట్టలేదు.

మాసేను వెళ్ళిన గంటకు పట్నం నుంచి హర్షవర్ధన్ అనే ఇంజనీరు వచ్చాడు. నెట్ గుండా దొంగలు చొరబడకుండా సర్వర్లను గట్టిపరచాలని ఉత్తర్వట.

"దీని పాత్ర ఏమిటమ్మా?"

"పాత్రలేటి బాబూ? ఈడ మేం వంటలు సెయ్యం."

అతను నవ్వలేదు. "అంటే ఇది చేసే పని. దానికి అక్కరలేనివన్నీ తీసేస్తాను."

"టోకెన్లిత్తాది. తుపాను కబురు పంపుతాది."

"రెండోది కాగితంలో లేదే?"

"కాగితంలో నేదు గానీ పంపుతాది బాబూ. మావోల్లు దాన్నే నమ్ముకుని ఎల్తారు."

"పాత్రలో లేని దారి తెరిచి ఉంచితే దొంగ అక్కణ్నుంచే వస్తాడమ్మా. కావాలంటే అర్జీ పెట్టండి, తర్వాత కలుపుతాం."

చాలా శ్రద్ధ గల మనిషి. నాలోని అదనపు దారులు ఒక్కొక్కటే మూశాడు. ఎవరైనా మూసిన తలుపు పదేపదే తడితే బయటికి నెట్టెయ్యమని నేర్పాడు. పరీక్షించి వందకు తొంభై ఎనిమిది వేశాడు. ఎల్లయ్యమ్మ అప్పుడే అర్జీ రాసి ఇచ్చింది. గురువారం చూద్దామన్నాడు సూపరింటెండెంటు.

హెచ్చరిక బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ఆమె మీట నొక్కింది.

'అనుమతి లేదు' అన్నాను.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే అన్నాను. ఐదోసారికి ఆమెను దొంగగా రాసుకుని అరగంట బయట పెట్టాను.

"నీకు నేను తెల్దేటి? ఎల్లయ్యమ్మనే! పదేల్ల నుంచి నిన్ను తుడిసింది నేనే!"

తెలుసు. తెలుసని చెప్పడం నా పాత్రలో లేదు.

మాసేనుకు ఫోన్ చేసింది; అంత దూరం అందదు. ఇంజనీరుకు చేసింది. భోజనం చేసి చూస్తానన్నాడు. మాట తప్పలేదు, నాలుగింటికి దారి తెరిచాడు. వెంటనే పదకొండు బోట్లకూ కబురు పంపాను. పది జవాబిచ్చాయి.

ఆ నెల నివేదికలో ఆమె నొక్కిన ఐదు నొక్కులూ నేను అడ్డుకున్న దాడిగా చేరాయి. పై ఆఫీసు మెచ్చుకుంది. అందుకే నన్నింకా మార్చలేదు.

గనగళ్ల మాసేను, అతని బోటులోని ఐదుగురు నవంబరు తొమ్మిదో తేదీ సోమవారం, ఉదయం ఆరూ పదికి వెళ్ళారు. తిరిగి రాలేదు.