కొండన్న బలం పద్దెనిమిది

నేను ఒక జిరాక్సు కాగితాన్ని. కాకినాడలో ఒక కాలేజీ ఎదురుగా ఉన్న దుకాణంలో పుట్టి, ఒంట్లో వేడి తగ్గకముందే వైదేహి చేతిలో పడ్డాను. ఆమె లెక్కల లెక్చరరు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక కథల ఆటను తయారుచేస్తోంది. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. తన పాత్ర ఏం చేస్తుందో ఆడేవాళ్లే చెప్పాలి, అది నెగ్గుతుందో లేదో పాచిక తేల్చాలి. ఆ పాత్ర పేరూ బలమూ తెలివీ రాసుకునే కాగితాన్ని నేను. మనుషులు తమ మనసులో కోరిక బయటపెట్టాలంటే ముందు వేరే పేరు పెట్టుకోవాలని ఆ బల్ల మీదే తెలుసుకున్నాను.

నన్ను తీసుకున్నవాడు ఏసురత్నం. ఒకప్పుడు పోర్టులో క్రేను నడిపాడు. కిడ్నీలు పాడై ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు, నీళ్ల బిందె కూడా ఎత్తలేడు. అతను మందులు కొనే షాపులో పనిచేసే షకీలాయే అతన్ని ఈ ఆటకు పిలుచుకొచ్చింది. పేరు దగ్గర 'కొండన్న' అని రాశాడు. బలం దగ్గర పద్దెనిమిది వేశాడు. అంతకు మించి వేయడానికి ఆటలో వీల్లేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం వైదేహి ఇంట్లో ఆట. కొండన్న మునిగే పడవను భుజానికెత్తాడు, కోట తలుపులు ఊడబెరికాడు. అవి చెబుతున్నంతసేపూ ఏసురత్నం ముఖం వెలిగిపోయేది. షకీలా, లైబ్రేరియన్ సత్తిబాబు మాత్రం టీ తాగుతూ కూర్చునేవారు. నాలుగో ఆదివారం షకీలా తన కాగితం పక్కకు నెట్టేసింది.

"అన్నీ అన్నయ్యే చేసేత్తంటే ఇంక మేమెందుకండీ మేడంగారూ? కథ చూడ్డానికైతే ఇంట్లో టీవీ ఉందిగా."

వైదేహి లెక్కలు వేసి కొండన్న బలం పన్నెండుకు తగ్గించింది. ఏసురత్నమే రబ్బరు తీసుకుని నా మీద అంకె చెరిపాడు.

"బయటెలాగూ తగ్గిపోతన్నాను. ఇక్కడ కూడానా, టీచరమ్మా?" అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు కొండన్న దేన్నీ ఎత్తలేదు.

వైదేహి మూడు వారాలు కొట్టుమిట్టాడింది. అంకెలు సమానమైనంత మాత్రాన కథలో అందరికీ చోటు దొరకదని ఆమెకు తెలిసొచ్చింది. మళ్లీ పద్దెనిమిదే వేయించి, కింద ఒక నియమం రాయించింది: తోటివాళ్లు సాయం అడిగితేనే కొండన్న తన బలం వాడాలి.

ఆట ప్రాణం పోసుకుంది. షకీలా పాత్ర గుహలో దారి వెతికి, బండరాయి అడ్డమొచ్చినప్పుడు, "కొండన్నా, ఒక చెయ్యెయ్యి" అనేది. ఏసురత్నం కుర్చీలోంచి నిజంగానే లేచి నిలబడేవాడు. ఎత్తడం కన్నా పిలిపించుకోవడంలోనే అతనికి ఎక్కువ ఆనందం ఉన్నట్టు నాకు తోచేది.

వానాకాలం వచ్చేసరికి అతని కాళ్లు వాచాయి. అయినా ఆటోలో వచ్చాడు. ఆ రోజు కథలో వరద, కూలిన వంతెన. షకీలా తాళ్లు కట్టింది, సత్తిబాబు తెప్ప అల్లాడు. ఏసురత్నం ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తున్నాడు. అతని పెన్సిలు నా మీద పద్దెనిమిది చుట్టూ సున్నాలు చుడుతూనే ఉంది. ఎవరూ అడగలేదు. ఊరంతా ఒడ్డుకు చేరింది.

"బాగా ఆడారమ్మా," అని నన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. గురువారం ఆసుపత్రిలో పోయాడు.

తరువాతి ఆదివారం షకీలా నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "అడిగితే లేచి నిలబడతాడు కదండీ. అలిసిపోతాడని ఊరుకున్నాను."

"నేనూ అందుకేనండి," అన్నాడు సత్తిబాబు. వైదేహి తల ఊపింది. వరద రోజు కొండన్నను పిలవమని ఆమె గుర్తుచేయకపోవడానికీ అదే కారణం.

రెండేళ్లకు ఆట పుస్తకంగా వచ్చింది. నేను ఆమె బీరువాలో ఒక ప్లాస్టిక్ ఫైలులో ఉన్నాను. చెరిపిన చోట వేలు తగిలితే చిరిగేంత పలచబడ్డాను. పుస్తకంలో కొండన్న నియమం కింద ఆమె ఒక వాక్యం చేర్చింది: "ఎవరూ అడగకపోతే, అతను తనంతట తనే లేవవచ్చు."

ఆ ఒక్క వాక్యంతో ఆట తూకం చెడుతోందని ఆడినవాళ్లు ఉత్తరాలు రాస్తుంటారు. వైదేహి అందరికీ ఒకటే జవాబు రాస్తుంది: "తెలుసు. ఉండనివ్వండి."