రేపు భారీ వర్షం

త్రివేణి అనంతపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. సెలవులకు బెళుగుప్ప దగ్గర సొంతూరికి వస్తూ, కాలేజీలో కొత్తగా నేర్చిన విద్య ఒకటి వెంట తెచ్చుకుంది. ల్యాప్‌టాప్‌లో ఏ వెబ్‌సైటైనా తెరిచి ఎఫ్12 మీట నొక్కితే పక్కన డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి. పేజీ లోపలి రాతంతా అక్కడ కనిపిస్తుంది. అందులో ఒక మాట చెరిపి ఇంకో మాట రాస్తే, పేజీ మీద కూడా అదే వచ్చి కూర్చుంటుంది. మారేది మన తెర మీదే. మళ్ళీ లోడ్ చేస్తే పాత మాటే వస్తుంది.

పిల్లకు ఆటబొమ్మ దొరికినట్టయింది. కాలేజీ పేజీలో ప్రిన్సిపాల్ పేరు తీసి తన పేరు పెట్టుకుంది. ఓడిన క్రికెట్ జట్టును గెలిపించింది. అంతటితో ఆగి ఉంటే ఎవరికీ ఏ బాధా లేకపోయేది.

వాళ్ళ నాయన లింగన్నకు జూన్ వచ్చిందంటే వాన తప్ప వేరే ధ్యాస ఉండదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కూతురి వెనక వచ్చి నిలబడతాడు.

“ఏమ్మా, ఏమంటాండాది నీ కంప్యూటరు?”

వాతావరణం పేజీలో రేపటి గడిలో ఎప్పుడు చూసినా పొడి వాతావరణమే. ఆ రోజు ఆయన అడుగుల చప్పుడు వినగానే త్రివేణి ఆ మాట తీసేసి ‘భారీ వర్షం’ అని రాసింది. నాయన ఒక్కసారి నవ్వితే చూసి, ఉత్తుత్తిదే అని చెప్పేద్దామనుకుంది.

లింగన్న వంగి, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. నవ్వాడు. ఆ నవ్వు చెరపడానికి త్రివేణికి మనసొప్పలేదు. ఆయన గ్లాసు అక్కడే పెట్టి గబగబా చేనికి వెళ్ళిపోయాడు. నేల తడవందే నాయన ఎలాగూ విత్తడులే, మధ్యాహ్నం చెబుదాం అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆమె అనుకున్నట్టే ఆయన విత్తలేదు. చేసిన పని అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

“మన దుక్కికి వచ్చిన ట్రాక్టర్ను మన పక్కనుండే హనుమంతమ్మ చేనికి పంపించినా. శెనక్కాయ ఈపొద్దే ఇత్తించుకోమని చెప్పినా. వాన పడినాక అందరూ ట్రాక్టర్ కోసం కొట్టుకుంటారు. మొగదిక్కు లేని మనిషి, ఆయమ్మకు ఎవరిస్తారు? మనకైతే ఎద్దులుండాయి.”

“ఇత్తేసినారా నాయనా?”

“అయిపాయ.”

త్రివేణి ముద్ద కంచంలోనే వదిలేసింది. హనుమంతమ్మకున్నది ఆ ఒక్క చేనే. ఇంట్లో దాచుకున్న విత్తనం కూడా దానికి సరిపోయేంతే. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. రేపు నిజంగానే వాన పడితే ఎవరికీ తెలియాల్సిన పనే లేదు కదా అని ఆశపడింది. తన అబద్ధాన్ని మేఘాలొచ్చి కాపాడాలట! పిరికితనానికి ఎన్ని తెలివితేటలో.

వాన పడలేదు. ఎండ దంచేసింది. పాత తుంపరకు నేలలో మిగిలిన కాస్త చెమ్మకు గింజలు ఉబ్బి, మొలవలేక కుళ్ళిపోయాయి. టీ అంగడి దగ్గర మాట పుట్టింది.

“లింగన్న తెలివైనోడప్పా! ముందు ఆయమ్మ చేన్లో ఇత్తించి చూసినాడు. తన ఇత్తనం మూట ఇప్పనే లేదు.”

అది చెవిన పడ్డ రోజు లింగన్న అన్నం ముట్టలేదు. “కంప్యూటర్లో చూసే చెప్పినా గదమ్మా,” అన్నాడు కూతురితో, తానే తప్పు చదివానేమో అన్నట్టు. త్రివేణికి సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, “నాతో రా నాయనా,” అని ఆయన్ను హనుమంతమ్మ ఇంటికి తీసుకుపోయింది. ఇంకాస్త ఆగితే ఇక చెప్పలేనని భయమేసి, గడపలోనే చెప్పేసింది.

“అత్తా, వాన మాట నేను రాసింది. తమాషాకు రాసినా. నాయనకు తెలీదు.”

లింగన్న గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. హనుమంతమ్మ తిట్టలేదు.

“యాడ రాసినావో చూపించు,” అంది.

త్రివేణి పేజీ తెరిచి ఎఫ్12 నొక్కింది. ఆ మాటే మళ్ళీ రాసింది. హనుమంతమ్మ దగ్గరికి జరిగి, కూడబలుక్కుని చదివింది. ఒకసారి బయటి ఎండ వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూసింది.

“నేనైనా నమ్మేదాన్నే,” అంది చివరికి. “నీ తప్పేం లేదు లింగన్నా. రేపు నువ్వు ఏమి చెప్పినా వింటా.”

త్రివేణి వైపు మాత్రం తిరగలేదు.

లింగన్న ఇంటికి పోయి, తన విత్తనంలో సగం భుజాన వేసుకొచ్చి ఆమె గడపలో దించాడు. కూతుర్ని ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనిపించింది త్రివేణికి.

మర్నాడు పొద్దున ఆమె అందరికన్నా ముందు లేచి పేజీ తెరిచింది. ఎల్లుండి భారీ వర్షం అని ఉంది. నమ్మలేక మళ్ళీ లోడ్ చేసింది. అదే మాట. వెనక అడుగుల చప్పుడైంది.

“నాయనా, ఎల్లుండి వాన ఉండాది. ఇది నేను రాసింది కాదు.”

లింగన్న ఆగలేదు. టీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి పోయి, ఆకాశం వైపు తలెత్తి నిలబడ్డాడు.