కాసేపు కూర్చోరా

ఏసీ మూతని చంకలో ఇరికించుకుని, టార్చిలైటు పళ్ల మధ్య కరుచుకుని, నిచ్చెన మీద ఒంటికాలిపై ఆనుకుని, ఏసీ అడుగున నీళ్లు పట్టే ట్రేలోకి వేలు పోనిచ్చాడు బొంగరం. చల్లగా, మెత్తగా, చేప ఒంటి మీది జిగురులాంటిది తగిలింది. నీళ్లు బయటికి పోయే చిల్లు దగ్గర పాచి ముద్దకట్టి ఉంది. పోయే దారిలేని నీళ్లు ట్రే అంచు దాటి, గోడ వెంట చారలు కట్టి, కింద కుట్టుమిషను మీద బొట్టుబొట్టుగా రాలుతున్నాయి.

ఇంటావిడ దర్జీ. కుట్టడానికి వచ్చిన బట్టలన్నీ ఎత్తి మంచం మీద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తోంది.

"పొద్దున్నే వచ్చారు. దిగి, కూర్చుని, టీ తాగి చెయ్యకూడదూ?" అంది.

బొంగరం "ఊఁ" అన్నాడు. నోట్లో టార్చి ఉంటే అదో సుఖం. ఎవరికీ ఏ జవాబూ చెప్పక్కర్లేదు.

చొక్కా జేబులో ఫోను గుడగుడమంది. అక్క అయి ఉంటుంది. పాచి అంటిన చేతులతో ఎలా తీస్తాను, అనుకున్నాడు. చేతులు తుడుచుకోవడానికి భుజం మీద తువ్వాలు ఉంది. అది తెలియనట్టే మళ్లీ చిల్లులోకి వేలు పెట్టాడు.

మనిషి సన్నం. చొక్కా వెనక భుజాల ఎముకలు రెండూ కోడిరెక్కల్లా కదులుతూ ఉంటాయి. నేల మీద నిలబడ్డా మడమలు ఆనవు, ఎవరో పిలిచినట్టు ముందుకే ఒరిగి ఉంటాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ విసుగెత్తి బొంగరం అంది. నడివయసు దాటి కణతలు నెరిసినా ఆ పేరే మిగిలింది. పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ అతని మొహం సరిగ్గా పడలేదు. ఒకదాంట్లో చెవి, ఒకదాంట్లో వీపు, మరోదాంట్లో లైటు ఎందుకు ఆరిందో చూడటానికి కుర్చీ ఎక్కిన కాళ్లు. "నేను చేసుకుంది ఎవరినో ఫొటోలు చూసి చెప్పండి చూద్దాం" అని అతని భార్య వచ్చినవాళ్లందరికీ ఆల్బం చూపించి నవ్విస్తుంది.

బాల్కనీలోకి వెళ్లి పైపు కొసకి నీళ్లు పీల్చే మిషను గొట్టం తగిలించి, సందు లేకుండా అరచేత్తో అదిమి పట్టుకుని స్విచ్చి వేశాడు. పైపు కాసేపు ఎండు దగ్గు దగ్గింది. తర్వాత గొంతులో అడ్డుపడిందేదో జారినట్టు గటక్కుమని, నల్లటి జిగురంతా ఒక్క ఊపున మిషనులోకి వచ్చిపడింది. లోపలికి వచ్చి మగ్గుతో ట్రేలో నీళ్లు పోశాడు. నిలవకుండా దిగిపోయాయి.

"నెలకోసారి కాస్త వెనిగరు ఇందులో పోస్తూ ఉండండమ్మా. పాచి పట్టదు."

"సరే. మరి టీ?"

నిలబడే, రెండు గుక్కల్లో తాగేశాడు. నాలుక చుర్రుమంది.

మెట్లు దిగుతూ ఫోను చూశాడు. అక్కే. తిరిగి చెయ్యలేదు.

నిన్న సాయంత్రం బావ ఒక్కటే అడిగాడు. మంచం మీద దిళ్లకి చేరగిలబడి, మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతూ, "రేపు పని తొందరగా ముగించుకుని రా. కాసేపు కూర్చోరా నా దగ్గర" అన్నాడు. "అలాగే బావా" అంటూనే బొంగరం లేచి, గాలికి టపటపలాడుతున్న కిటికీ గడియ సరిచెయ్యడం మొదలుపెట్టాడు. అది అయ్యాక తలుపు బందుకి నూనె వేశాడు. అదీ అయ్యాక మందులు తెస్తానని బయటపడ్డాడు.

బావని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేసి కొన్ని వారాలయింది. ఊపిరితిత్తులు ఇక పనికి రావన్నారు. ఆయన ఏదడిగితే అది పెట్టమన్నారు. అప్పట్నుంచీ బొంగరం ఆ ఇంటికి వెళ్లని రోజు లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు కారే కుళాయి లేదు, ఊగే కుర్చీ లేదు, కీచుమనే తలుపు లేదు. చెయ్యడానికి పని దొరక్కుండా పోతోందనే నాలుగు రోజులుగా అతనికి దిగులు. పని లేకపోతే కూర్చోవాలి. కూర్చుంటే ఆ ఊపిరి వినాలి. లోపలికి పోయేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మరో చప్పుడు, ఆ రెండిటికీ మధ్య ఒక ఖాళీ.

బండి నడుపుతున్నంతసేపూ అతనికి బాగుంటుంది. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడే ఏమీ తోచదు. బ్రేకు నొక్కుతూ వదుల్తూ, అద్దం తిప్పుతూ, పక్క బండివాడి సైలెన్సరు చప్పుడులో తేడా ఏమిటా అని వింటూ ఉంటాడు.

ఈ పనిలోకి తెచ్చింది బావే. అంతకుముందు బొంగరం ఒక బట్టలకొట్లో గల్లా దగ్గర కూర్చున్నాడు, ఒక బడి గేటు దగ్గర కూర్చున్నాడు. కూర్చోమన్న చోటల్లా ఉద్యోగం ఊడింది. "కూర్చోలేనివాడికి కూర్చునే పనులు చూపిస్తారేమే మీవాళ్లు?" అని అక్కతో అని, మర్నాడే నిచ్చెన ఒక కొస అతని భుజం మీద పెట్టాడు బావ.

అంత భారీ మనిషి ఆయన. ఎవరింటికి వెళ్లినా ముందు కింద చతికిలబడేవాడు. టీ ఇస్తే ఊదుకుంటూ తాగేవాడు. నీళ్ల బొట్టు ఎక్కడ పుట్టి ఎక్కడ పడుతోందో తలెత్తి చాలాసేపు చూసేవాడు. ఈలోపు బొంగరం నిచ్చెనెక్కి సగం స్క్రూలు ఊడదీసి ఉండేవాడు. "అది ఎక్కడికీ పారిపోదురా" అనేవాడు బావ. ఇద్దరూ కలిసి ఊళ్లో ఎన్ని ఏసీలు దింపారో, ఎన్ని పైపులు కడిగారో. ఒకడు బొత్తిగా కదలడు, రెండోవాడు బొత్తిగా ఆగడు, ఇద్దర్నీ కలిపి పిలిస్తే ఒక మెకానిక్కు వచ్చినట్టు అని జనం నవ్వేవారు.

మధ్యాహ్నం ఒక చెట్టు కింద బండి ఆపి, సీటు మీద క్యారేజీ పెట్టుకుని నిలబడి అన్నం తింటుంటే భార్య ఫోను చేసింది.

"వదిన నాకు చేసింది. మీరు ఎత్తడం లేదట."

"చేతులు ఖాళీ లేవు."

"ఇప్పుడు ఎత్తారుగా."

అతను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నయ్య రెండుసార్లు అడిగాడట, వచ్చాడా అని. ఎంతసేపండీ? వెళ్లి కూర్చోండి. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చోండి."

"ఇంకో ఇల్లుంది. అది చూసుకుని పోతా."

"అది రేపు చెయ్యొచ్చు" అంది ఆమె. గొంతు తగ్గించి, "ఇది రేపు చెయ్యొచ్చో లేదో" అంది.

అతను క్యారేజీ మూత పెట్టేశాడు. సగం అన్నం అలాగే ఉంది.

ఆ ఇంకో ఇల్లు ఒక అపార్టుమెంటులో పై అంతస్తు. కొత్తగా కాపురం పెట్టిన జంట. గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు. ఏసీ కొత్తదే, లోపల పాచీ లేదు, మురికీ లేదు. పైపుకి నీళ్లు జారేంత వాటం లేదు, అంతే. బిగించినవాడు ఎవడో క్లిప్పులు తగ్గించుకుని తాడులా వేలాడదీసి పోయాడు. నడుమ పొట్టలా జారినచోట నీళ్లు నిలిచి వెనక్కి తంతున్నాయి. అది పావుగంట పని. బొంగరం పైపు ఎత్తి, వాటం చూసి, గోడకి చిల్లులు వేసి క్లిప్పులు బిగించాడు. ఒకసారి నీళ్లు పోసి చూశాడు. దిగాయి. మళ్లీ పోసి చూశాడు. రెండు క్లిప్పుల మధ్య ఇంకో క్లిప్పు వేశాడు. దాని పక్కన మరోటి.

"చాలేమో కదండీ" అన్నాడు ఆ ఇంటి కుర్రాడు మొహమాటంగా. భార్య ఎటో బయటికి వెళ్లాలని తయారై చెప్పులు కూడా వేసుకుని నిలబడింది.

"ఇదొక్కటి" అన్నాడు బొంగరం.

అప్పుడు మోగింది ఫోను. ఆ ఇద్దరూ చూస్తుంటే ఎత్తక తప్పలేదు.

"ఒరేయ్, బావ గదిలో ఏసీ కారుతోందిరా" అంది అక్క. "పక్క తడిసిపోయేలా ఉంది."

"ఏసీయా? ఎక్కణ్ణుంచి కారుతోంది? పైనుంచా, పక్కనుంచా?"

"నాకేం తెలుసు. నువ్వు రా."

క్షణంలో సంచి సర్దేశాడు. మెట్లు రెండేసి దిగుతుంటే ఒంట్లో ఏదో తేలికయింది. ఆ తేలిక ఎందుకో తెలిసి సిగ్గేసింది. అయినా బండి ఆపకుండా పోయాడు.

ఎండ తగ్గి, కిటికీ పరదా పసుపు రంగుకి తిరిగిన వేళకి చేరాడు. గదిలో మంచం అవతలి గోడ వైపు జరిపి ఉంది. ఏసీ కింద బకెట్టు. అందులో టప్, టప్ మని బొట్లు. బావ దిళ్ల మీద ఎత్తుగా పడుకుని ఉన్నాడు. అంత పెద్ద శరీరం దుప్పటి కింద ఎక్కడికి పోయిందో, చేతులు మాత్రం మునుపటంత పెద్దవిగా, దుప్పటి మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"వచ్చావా" అన్నాడు.

"ఎప్పట్నుంచి కారుతోంది?" అక్కని అడిగాడు బొంగరం.

"పొద్దుట్నుంచి" అని అక్క పరదా సర్దడానికి తిరిగింది.

మంచం పక్కన, బావ తలకి దగ్గరగా, అక్క ఒక స్టూలు వేసి తుడిచి ఉంచింది. బొంగరం దాన్ని లాక్కుని ఏసీ కింద వేసుకుని ఎక్కాడు.

"ముందు కొస చూడరా" అన్నాడు బావ. ఊపిరి తీసుకున్నాడు. "బయట."

"చూస్తాలే బావా. ముందు ట్రే చూడనీ."

మూత తీశాడు. ట్రే అన్నం తినే పళ్లెంలా శుభ్రంగా ఉంది. నీళ్లు మాత్రం నిండా నిలిచి ఉన్నాయి. ఇదేం వింత అనుకుంటూ చిల్లులోకి తీగ పోనిచ్చాడు. తీగ అందినంత మేరా తడుముకుంటూ పోయింది, అడ్డు తగల్లేదు. నీళ్లు మగ్గుతో తోడి బకెట్టులో పోశాడు. ఎలాగూ ఎక్కాను కదా అని జాలీ తీసి బ్రష్షుతో దులిపాడు. రెక్కలు తుడిచాడు.

"దర్జీ ఆవిడది అయిందా?" అన్నాడు బావ.

"అయింది."

"పాచేనా?"

"పాచే. ముద్దలు ముద్దలు."

"చెప్పావా? వెనిగరు..."

"చెప్పా."

బావ కళ్లు మూసుకుని నవ్వులాంటిది నవ్వాడు. తర్వాత చాలాసేపు ఊపిరి చప్పుడే. బొంగరం తుడిచినదాన్నే తుడుస్తున్నాడు.

"చాలు. దిగు."

"అయిపోవచ్చింది."

"కొస చూడమన్నానా" అన్నాడు బావ. విసుగు లేదు ఆ గొంతులో.

బొంగరం దిగి పెరట్లోకి వెళ్లాడు. బట్టలుతికే తొట్టి పక్కన గోడలోంచి పైపు కొస బయటికి వచ్చి ఉంది. దాంట్లోంచి చుక్క నీరు రావడం లేదు. వంగి చూస్తే జానెడు గుడ్డ తోకలా కిందికి వేలాడుతోంది.

రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. ఏ బలమూ అక్కర్లేకపోయింది. జారుకుంటూ వచ్చేసింది. వెనకే నీళ్లు ధారగా అతని పాదాల మీద పడ్డాయి.

అది బావ పనిచొక్కాలోని నీలం గళ్ల గుడ్డ. బిగుతుగా చుట్టి, పైన దారం తిప్పి ఉంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం ఎక్కడా తేడా లేదు. అక్క చెయ్యి కాదది. పైపు అతుకులకి టేపు చుట్టే చెయ్యి. మంచం మీద పడుకుని చుట్టి, అక్క చేత ఇక్కడ కుక్కించాడు. లాగేవాడికి చేతికందాలని తోక వదిలాడు. పనిముట్టుతో పని లేకుండా, క్షణంలో తెమిలిపోవాలని.

బొంగరానికి నవ్వొచ్చింది. నీళ్లలో నిలబడి ఒక్కడే నవ్వాడు. "ఓరి బావా" అన్నాడు పైకే. కిటికీ వైపు తిరిగి గొంతెత్తాడు.

"వచ్చింది బావా."

ఇన్నేళ్లూ అంతే. లోపల బావ నీళ్లు పోసేవాడు, బయట కొస దగ్గర తను కాపుండి, నీళ్లు పడగానే కేకేసేవాడు. లోపలినుంచి "సరే, రా లోపలికి" అని వినపడేది. ఎవరి ఇల్లయినా, ఏ కాలమైనా ఆ మాటే.

ధార చప్పుడు తప్ప ఏమీ లేదు. వినపడలేదేమోనని ఇంకోసారి పిలిచాడు.

పరదా కదిలింది. "రా లోపలికి" అంది అక్క, మెల్లగా.

అతను తడికాళ్లతోనే వెళ్లాడు. అక్క మంచం అంచున కూర్చుని బావ గుండె మీద చెయ్యి వేసి ఉంది. బావ తల కిటికీ వైపు తిరిగి ఉంది. కళ్లు సగం మూసినట్టే ఉన్నాయి. గదిలో ఆ రెండు చప్పుళ్లూ లేవు. వాటి మధ్య ఖాళీయే మిగిలింది.

"నీళ్లు పడటం విన్నాడు" అంది అక్క. "తల ఊపాడు. నువ్వు పిలిచేసరికి..."

ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు బొంగరం చేతులు గాల్లో లేచాయి. గదంతా చూశాడు. చెయ్యడానికి ఏమీ లేదు. మంచం కోడుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

తర్వాత అక్కే లేచి అందరికీ ఫోన్లు చేసింది. పక్కింటివాళ్లు వచ్చారు, కుర్చీలు జరిపారు, బకెట్టు తీసేశారు. అతని భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "లేవండి, పనులున్నాయి" అంది. అతను కదల్లేదు. ఎవరెవరో అతన్ని దాటుకుంటూ తిరిగారు. బావ చెయ్యి మంచం మీంచి కాస్త జారి, అతని చెవి పక్కన ఉంది.

పెరట్లో తొట్టి అంచు మీద నీలం గళ్ల గుడ్డ, చుట్టిన దారం చుట్టినట్టే, తోక కిందికి వేలాడుతూ, ఒక్కో బొట్టూ రాలుస్తూ ఉంది.