నందిగామ కార్డులు

"పాతవి కూడా ఎక్కిస్తారా?"

చేటలో బియ్యం ఏరుతున్న ప్రమీలారాణి తలెత్తలేదు. భవానీప్రసాద్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే అడిగాడు. ఈ వారంలో అతను ఆసుపత్రి కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించే ప్రస్తావన తేవడం ఇది నాలుగోసారి.

"ఎక్కిస్తామండి. రెండూళ్ళవీ."

"ఏ సంవత్సరం నించి?"

"ఎన్నుంటే అన్ని."

"అంత చాకిరీ నీకెందుకు? మానేసెయ్. ఇంట్లో పని చాలకా?" అన్నాడు.

ఇంట్లో పని సంగతి అతనికి కూడా గుర్తుందన్నమాట అనుకుంది ఆమె. కానీ మనసు ఆ ఎత్తిపొడుపు దగ్గర నిలవలేదు. ఎందుకడుగుతున్నాడు? పన్నెండేళ్ళ కూతురు జయమణి ఏ క్లాసు చదువుతోందో సరిగ్గా చెప్పలేని మనిషికి, ఆసుపత్రి కార్డులు ఏ సంవత్సరం నించి ఉన్నాయో ఎందుకు? తన సంగతి తెలిసిపోయిందేమో. రెండేళ్ళ కిందట అక్కయ్యను చూసొస్తానని చెప్పి, ఇక్కడ జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగి, అక్కడి డాక్టరుకి పుట్టింటి పేరు చెప్పి ఒక కార్డు రాయించుకుంది. ఆయన్ని ఒకే ఒక్క మాట అడగడానికి వెళ్ళింది: నాకు నిజంగా ఏమన్నా జబ్బుందా? "నాకేమీ కనపడలేదమ్మా, ఈసారి మీవారిని తీసుకురా," అన్నాడాయన. ఆ మాటను ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే, మొగుడికి తెలియకుండా ఎందుకెళ్ళావన్నదే మిగులుతుంది.

ఏడాదిగా ఆమె డాక్టర్ వాసవాంబ గారి నర్సింగ్ హోమ్‌లో రోగుల కార్డులు రాస్తోంది. నందిగామ డాక్టరు దశరథరామయ్య గారు ఈవిడకి సొంత తమ్ముడు. ఈ ఎనభై ఏడు వేసవిలో డాక్టరమ్మ అల్లుడు హైదరాబాద్ నించి రెండు కంప్యూటర్లు తెచ్చి చెరో ఊళ్ళో పెట్టించాడు. ఇక్కడ ఎక్కించింది పల్చటి నల్లటి ఫ్లాపీలోకి దించి బస్సులో అక్కడికి పంపుతారు, అక్కడిది ఇక్కడికి. రోగి ఎక్కడ చూపించుకున్నా వెనకటి కథంతా డాక్టరు కళ్ళ ముందుంటుంది. ఒక ఇంజెక్షన్ పడక నందిగామలో చావు తప్పించుకున్న మనిషికి, కిందటేడు ఇక్కడ మళ్ళీ అదే ఇంజెక్షన్ ఇవ్వబోయారు. అలాంటివిక జరగవు. అది మంచిదేనని ప్రమీలకు తెలుసు. అయినా మింగుడుపడలేదు. ఇంటికో నంబరు, పైన ఇంటి యజమాని పేరు, దాని కింద పెళ్ళాం పిల్లలు. ఈ ఊరి ఆడవాళ్ళు కొందరు నందిగామ దాకా పోయేది ఈ ఊళ్ళో తెలియకూడదనేనని, కార్డులు రాసే ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"భర్త వచ్చి అడిగితే భార్యది చూపిస్తామాండి?" అని మొదటిరోజే అడిగింది.

"భర్తకి చూపించకపోతే ఎట్లా ప్రమీలా?" అంది డాక్టరమ్మ.

"భార్య వచ్చి భర్తది అడిగితేనండి?"

ఆవిడ నవ్వింది. "ఎవరడుగుతారమ్మా?"

ఇంటి దగ్గర అత్తగారు సీతారావమ్మ మాటలు వేరే. "కార్డులు రాసే చేతికి కొడుకును రాసిపెట్టలేదు మా అమ్మవారు," అని వచ్చినవాళ్ళతో అంటుంది, నవ్వుతూనే. ఒక్క కూతురి తరవాత కడుపు పండలేదని పదేళ్ళుగా మందులు. ఒళ్ళు ఉబ్బిపోయే మాత్రలు మింగింది. రెండుసార్లు మత్తిచ్చి గర్భసంచి శుభ్రం చేశారు. వచ్చే సోమవారం మూడోసారి.

తన కార్డు కంప్యూటర్లోకి పోకముందే తీసేయాలనుకుంది. గురువారం అందరూ భోజనాలకు వెళ్ళాక, కంప్యూటరుండే ఏసీ గది బయట చెప్పులు విడిచి, నందిగామ నించి వచ్చిన అట్టపెట్టెలు ముందేసుకుని కూర్చుంది. పుట్టింటి పేరు ఏ కట్టలో ఉందో వెతుకుతుంటే అత్తింటి పేరు చేతికి తగిలింది.

నూతక్కి భవానీప్రసాద్. తండ్రి వీరరాఘవయ్య. ఊరు పరిటాల. వయసు ఇరవై తొమ్మిది. అక్టోబరు, డెబ్బై ఆరు. కింద ఇంగ్లీషులో రెండే వరసలు. వేసెక్టమీ అయి ఆరు రోజులు. కుట్ల దగ్గర చీము.

పేరు మళ్ళీ చదివింది. పరిటాల అత్తగారి ఊరే. మామగారి పేరు అదే.

అప్పటికి జయమణికి ఏడాదిన్నర. పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా అతను. నందిగామలో ట్రైనింగని పది రోజులు పోయాడు. వచ్చాక సైకిలెక్కలేకపోతే సెగగడ్డ లేచిందన్నాడు. ఆ ఎమర్జెన్సీ రోజుల్లో, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకి మగవాళ్ళని తీసుకురాకపోతే ఉద్యోగాల మీదికొచ్చేదని ఆమె విన్నదే. భయపడ్డాడు, తనే చేయించుకున్నాడు. అంతవరకు ఆమెకు కోపం రాలేదు, జాలేసింది. ఆ జాలి ఆ తరవాతి సంవత్సరాల్లోకి అడుగుపెట్టబోయి ఆగిపోయింది. మత్తు ఇచ్చే ముందు కాగితం మీద భర్త సంతకం కావాలంటారు. రెండుసార్లూ అతనే పెట్టాడు. మెలకువ వచ్చేసరికి కొబ్బరిబోండాంతో మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది. పరీక్ష చేయించుకోండి అని డాక్టరమ్మ అంటే, "నాకేంటండీ, ఒక బిడ్డ తండ్రినేగా," అన్నాడు. ఆ మాటకు తనూ సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఆమెకు అన్నిటికన్నా అసహ్యంగా తోచింది. అతను తన మీద అనుమానంతో అడుగుతున్నాడనుకుని వారం రోజులుగా తను భయపడింది. ఇద్దరూ ఒకే పెట్టెకు భయపడ్డారు.

కాసేపటికి ఆమె కార్డు కూడా దొరికింది. చింపలేదు. రెండూ ఎక్కడివక్కడ పెట్టేసి లేచింది.

సాయంత్రం భవానీప్రసాద్ ఆఫీసు నించి వచ్చాడు. కాఫీ చేతికిచ్చి, "డెబ్బై ఆరు దాకా వచ్చామండి," అంది.

గ్లాసు నోటి దగ్గరే ఆగింది. అతను లేచి పెరటి తలుపు దగ్గరికి వేశాడు. అవతల సీతారావమ్మ గోంగూర వలుస్తోంది.

ఇంటికొచ్చే దారంతా ప్రమీల అతని తరఫున మాటలు కూర్చుకుంటూ వచ్చింది. భయమేసిందనో, అమ్మకి చెప్పలేకపోయాననో. అందులో ఏదో ఒకటి అన్నా చాలు, సోమవారం సంగతి ఇద్దరే తేల్చుకుందామనుకుంది.

"ఇంకెవరన్నా చూశారా?" అన్నాడు.

"నేను చూశా."

"అది కాదే. డాక్టరమ్మ కానీ, ఆ అల్లుడు కానీ..."

"నేను చూశానండి."

అతను గొంతు ఇంకా తగ్గించాడు. "సోమవారం ఏదో చెప్పి ఆపిద్దాంలే. అమ్మకి మాత్రం తెలియనీకు. తట్టుకోలేదు. ఇన్నాళ్ళు ఓర్చుకున్నదానివి, నీకిది పెద్ద లెక్కా?"

ఆ ఆఖరి మాటలో మెప్పు లాంటిదేదో ఉంది. ఎప్పుడూ అయితే ఆ కాస్తకే ఆమె కరిగిపోయేది. తనలో ఎక్కడన్నా ఆ కరగడం మొదలయిందేమోనని అనుమానంగా చూసుకుంది. లేదు.

వెళ్ళి తలుపు తీసింది.

"అత్తయ్యా, ఆ గోంగూర అక్కడ పెట్టి ఇలా రండి. మీ అబ్బాయి మీకో మాట చెప్పాలంట."