భద్రపరచు

మాసిన దుప్పట్ల మూట మెట్ల మీదే దించి, దేవమణి కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆదివారం కదా, అరసవల్లి దర్శనానికి వచ్చినవాళ్ళతో లాడ్జీ కిటకిటలాడుతోంది. ఆదివారాలన్నీ ఇలాగే పోయి, ఆమె ప్రార్థన మందిరం మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

"వారమంతా ఒక్క గదీ తుడవనేదేటమ్మా? యాప్‌లో ఏటీ నేదు," అన్నాడు మేనేజరు గణపతిరావు.

"అన్నీ తుడిసేనండి బాబూ! ఫొటోలు తీసి నొక్కీసేను కూడాను."

ఇదివరకు సూపర్‌వైజరు జగ్గమ్మ పొద్దున్నే హాజరు వేస్తూ "దేవమణీ!" అని కేకేసేది. "ఉన్నానమ్మా!" అనేది ఈమె. భర్త పోయాక ఆమెను పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే. జగ్గమ్మను మానిపించి యాప్ పెట్టారు. వాడటం బహు తేలికట. తేలికే మరి, పక్కన మనిషే అక్కర్లేదు.

గణపతిరావు ఆమె ఫోను లాక్కుని చూశాడు. ఫొటోలన్నీ ఉన్నాయి. ప్రతి ఫొటో కింద రెండు మీటలు: 'భద్రపరచు', 'సమర్పించు'. ఆమె రోజూ మొదటిదే నొక్కింది. చేసిన పనంతా ఫోనులోనే ఉండిపోయింది, ఆఫీసుకు చేరలేదు.

"సమర్పించు నొక్కాల! తెలుగు సదవడం రాదా?"

"వచ్చండి. మందిరంలో కానుక సమర్పించీసేక మరది మనది కాదు కదండి. నా కూలి కూడా అలగే పోతాదని బయపడ్డాను. బద్రపరచంటే దాసిపెడతాదనుకున్నాను."

అతను పగలబడి నవ్వాడు. ఆ మాటలు రాసిన మహానుభావుడు ఏ చల్లటి గదిలో ఉన్నాడో గానీ, దుప్పట్లు ఉతికే మనిషిని ఒక్కత్తినైనా పిలిచి "నీకేం అర్థమైంది?" అని అడిగిన పాపాన పోలేదు.

"గడువైపోయింది, పాతవింక ఎల్లవు. ఈ వారం పనికి రానేదని ఒప్పీసుకో. నేదంటే రేపట్నుంచి రాకు."

అతను ముందుకు చాపిన ఫోను తెర మీద 'గైర్హాజరు' అని ఎర్రగా వచ్చింది. కింద మళ్ళీ 'సమర్పించు'.

సబ్బునీళ్ళకు ముడతలు పడ్డ వేలు తెర దాకా వెళ్ళింది. ఏం చెయ్యమంటారని అడగడానికి ఇంట్లో కూడా ఎవరూ లేరు. వేలు వెనక్కి తీసుకుంది.

"ఇది మాత్రం సమర్పించనండి."

"ఏటీ?"

"ఆ ఫోను పక్కనెట్టండి బాబూ. ఒక్కసారి నా పేరెట్టి పిలవండి. ఉన్నానో నేదో నానే సెప్తాను."

గణపతిరావు నోరు తెరిచాడు. పేరు గుర్తుకు రాక, మళ్ళీ ఫోన్లోకే చూశాడు. అక్కడ పేరు లేదు, నంబరుంది.

దేవమణి కౌంటరు ముందు నిలబడే ఉంది.